ప్లాస్టిక్ పిస్టల్‌లో నన్ను కట్టిపడేసింది ఆ లాకే

బరువు, గ్రిప్, మ్యాగజైన్ సంగతులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఏళ్లుగా షూటింగ్ రేంజ్‌లో వాడుతున్న నా 9 ఎంఎం పిస్టల్‌లో ఇప్పటికీ ముచ్చటేసేది ఒక్కటే, దాని లాకింగ్, అంటే తూటా పేలే క్షణంలో బ్యారెల్‌ని (గొట్టాన్ని), దాని మీద ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్‌ని కలిపి పట్టి ఉంచే ఏర్పాటు.

కొనేటప్పుడు నా టెన్షనల్లా ఫ్రేమ్‌లోని ఈ పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) తూటా పేలుడుకి తట్టుకుంటుందా అనే. విప్పి చూశాక తెలిసింది, ఆ భారం ఫ్రేమ్ మీద పడదని. తూటా కూర్చునే ఛాంబర్ పైనున్న చదరపు దిమ్మ, పేలిన తూటాల ఖాళీ కేసులు బయటపడే స్లైడ్ కిటికీలో బిగుతుగా కూర్చుంటుంది. ఉక్కుకి ఉక్కు. కాల్చగానే బ్యారెల్, స్లైడ్ కలిసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతాయి. ఈలోపు బుల్లెట్ బయటికి పోయి, లోపలి ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు బ్యారెల్ అడుగునున్న ఏటవాలు కొమ్ము ఫ్రేమ్‌లోని ఉక్కు బ్లాక్‌కి తగిలి బ్యారెల్ వెనక భాగాన్ని కిందికి దించుతుంది. లాక్ విడిపోయి స్లైడ్ ఒక్కటే వెనక్కి పోతుంది. మూలం తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ ఆలోచనే. పాలిమర్ ఫ్రేమ్‌తో 1970లోనే వచ్చిన జర్మన్ కంపెనీ హెచ్‌కే వారి వీపీ70 పిస్టల్‌లో అసలు లాకే లేదు. పేలుడుని ఆపేది స్లైడ్ బరువు, స్ప్రింగ్ బలం, అంతే.

ఒకరోజు ట్రిగ్గర్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. గురి వైపే ఉంచి కాసేపు ఆగి చూశాను. స్లైడ్ వెనక అంచు ఉండాల్సిన చోటికి గోరు మందం వెనక ఆగిపోయింది. కిటికీలో ఛాంబర్ దిమ్మ స్లైడ్‌తో సమంగా లేదు, ఓ పక్క కుంగి ఉంది. లాక్ పడలేదన్నమాట. పడనిదే పేలనివ్వలేదు, అది నాకు భలే నచ్చింది. ఆ తూటా తీసేసి ఇంకొకటి ఎక్కించినా అదే వరస. తూటాల మీద అనుమానంతో బ్యారెల్ విడిగా తీసి ఒక్కొక్కటీ ఛాంబర్‌లో వేశాను. టక్కున దిగాయి, తిప్పితే జారిపడ్డాయి. మసి కూడా లేదు. చివరికి ఖాళీ పిస్టల్‌ని గొట్టం పైకి పెట్టి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, స్లైడ్‌ని మెల్లగా వదిలాను. చివరి రవ్వంత దూరం ఎక్కలేకపోయింది. స్లైడ్‌ని తిరిగి ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగ్ నీరసపడింది! "జీవితాంతం మార్చక్కర్లేదు" అని అమ్మినాయన చెప్పిన స్ప్రింగే అది. కొత్తది వేశాక మళ్లీ ఖణేల్‌మని మూసుకుంటోంది.

ఫ్రేమ్ మీద భారం పడదన్నాను గానీ, బ్యారెల్ దిగేటప్పటి దెబ్బ బ్లాక్, దాన్ని పట్టి ఉంచే పిన్ను మీదుగా ఎంతో కొంత పాలిమర్‌కీ చేరుతుంది. అందుకే విప్పినప్పుడల్లా ఆ పిన్ను చుట్టూ పగుళ్లేమైనా వచ్చాయా అని చూస్తాను. ఇంతవరకూ రాలేదు.

నేను కాల్చేది మామూలు రేంజ్ తూటాలు, అదీ నింపాదిగా. ఇంకా ఘాటుగా పేలే తూటాలు వాడేవాళ్లకి స్ప్రింగ్ ఇంకా ముందే పోవచ్చు. బెరెట్టా పీఎక్స్4 లాంటి వాటిలో బ్యారెల్ వంగకుండా గుండ్రంగా తిరిగి లాకవుతుంది. స్నేహితుడిది కాల్చి చూశాను, చేతికి మెత్తగా అనిపించింది. అయినా ఇది అలవాటైన చేయి కాబట్టి, నేనైతే ఇప్పట్లో మారను.