రోరీ గాలహర్ మొదటి సోలో ఆల్బమ్: పదహారేళ్లు అరగదీశాక

ముందే చెప్తున్నా, ఇది నిన్న విని ఇవాళ రాసే రివ్యూ కాదు. 2009లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత ఇంజనీరింగ్ పుస్తకాల కుప్ప పక్కన, మూత విరిగిన కేసులో ఈ సీడీ దొరికింది. 120 చెప్పాడు, 80కి ఇచ్చాడు. రోరీ గాలహర్ ఎవరో నాకు సరిగ్గా తెలీదు, అసలు పేరు ఎలా పలకాలో కూడా తెలీక నాలుగేళ్లు 'గలాగర్, గలాగర్' అని తిరిగాను. ఎవడో ఐరిష్ గిటార్ వీరుడట, మోత మోగించేస్తాడట అని విన్నాను, అంతే. అప్పుడు విద్యానగర్‌లో ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్లం, నాకు గిటార్ పిచ్చి కొత్తగా పట్టింది, సోలో, అంటే పాట మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చి మోగే భాగం, ఎంత పొడుగుంటే అంత గొప్ప అనుకునే వయసు.

ఆల్బమ్ పేరు కూడా ఆయన పేరే. 1971 మేలో వచ్చింది. అంతకుముందు ఆయన టేస్ట్ అనే ముగ్గురు మనుషుల బ్యాండ్ నడిపాడు, అది 1970లో చెదిరిపోయింది, ఆ తర్వాత సొంత పేరుతో చేసిన మొదటి పని ఇదే. వయసు ఇరవై మూడు. లండన్‌లోని అడ్విజన్ స్టూడియోలో రికార్డింగ్, ఇంజనీర్ ఎడ్డీ ఆఫర్డ్, ప్రొడ్యూసర్ మాత్రం తనే. బాస్ జెర్రీ మెకవోయ్, డ్రమ్స్ విల్గర్ క్యాంప్‌బెల్, ఇద్దరూ బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చినవాళ్లు. పది పాటలు, పదీ ఆయన రాసుకున్నవే. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఆ రోజుల్లో బ్లూస్ రాక్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్ పాటల్ని రాక్ మోతతో, వాయించేవాళ్ల రికార్డు తీస్తే సగం షికాగో బ్లూస్ పెద్దవాళ్ల పాటలే ఉండేవి, వాటి మీద వీళ్ల సోలోలు. నా దగ్గరున్న సీడీలో చివర రెండు బోనస్ పాటలు కలిపారు, ఒకటి మడ్డీ వాటర్స్‌ది, ఇంకోటి ఓటిస్ రష్‌ది, ఇద్దరూ ఆ షికాగో పెద్దవాళ్లే. బాగానే వాయించాడు, కాదనను. కానీ పదో పాట అవ్వగానే ఆపేయడం నాకు అలవాటు. భోజనం అయ్యాక, పెరుగన్నం తిన్నాక, మళ్లీ పప్పు వడ్డించినట్టు ఉంటుంది.

మొదటి పాట 'లాండ్రోమాట్'. అది మొదలవ్వగానే మా రూమ్మేట్ లేచి కూర్చున్నాడు, రిఫ్ (పాటంతా తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) అలాంటిది. ఆయన లండన్‌లో ఎర్ల్స్ కోర్ట్‌లో ఉండేవాడు, ఆ ఇంటి కింద నాణెం వేసి బట్టలు ఉతుక్కునే చోటు ఉండేదట, పాట అక్కణ్ణుంచి పుట్టింది. ఇది మావాడికి చెప్తే, 'బట్టలుతికే కొట్టు మీద కూడా పాట రాస్తారా, మన ఇస్త్రీ బండి మీద నువ్వొకటి రాయరా' అన్నాడు. నిజానికి ఈ ఆల్బమ్ గుట్టు అక్కడే ఉందని చాలా ఏళ్లకి అర్థమైంది. ఈయన బ్లూస్ పుట్టిన మిసిసిపీలో తనూ పుట్టినట్టు నటించడు. తన గది, తన మెట్లు, తన ఒంటరితనం, వాటినే బ్లూస్‌లో పెట్టుకున్నాడు.

మొదటి రెండేళ్లు నేను విన్నది 'లాండ్రోమాట్', 'హ్యాండ్స్ అప్', 'సిన్నర్ బాయ్'. మిగతావి నొక్కి దాటేసేవాణ్ణి, ముఖ్యంగా అకూస్టిక్ పాటలు, అంటే కరెంటు లేని మామూలు గిటార్‌తో వాయించినవి. ఇప్పుడు లెక్క పూర్తిగా తిరగబడింది. మెట్రో వచ్చాక నేను హబ్సిగూడలో ఎక్కి హైటెక్ సిటీలో దిగుతాను, ఆల్బమ్ మొత్తం సుమారు 48 నిమిషాలు, కాబట్టి ఆఫీసుకు వెళ్లే దారికి ఇంచుమించు సరిపోతుంది. సికింద్రాబాద్ దగ్గర జనం ఒత్తుకుని ఎక్కుతున్నప్పుడు 'జస్ట్ ద స్మైల్' నడుస్తూ ఉంటుంది. ఒక్క అకూస్టిక్ గిటార్, వేళ్లతో మీటడం, పాత ఇంగ్లిష్ జానపదం వాసన. డ్రమ్స్ ఉన్నాయి కానీ గదిలో ఎవరో నిద్రపోతున్నారన్నట్టు వాయిస్తాడు. బేగంపేట వచ్చేసరికి 'హ్యాండ్స్ అప్', అంటే పాత ఎల్‌పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డు) లెక్కలో మొదటి వైపు అయిపోయింది.

ఈ మధ్యలో వచ్చే మూడో పాట 'ఐ ఫాల్ అపార్ట్' గురించి కాస్త ఆగి చెప్పాలి. మొదట్లో జాజ్ లాంటి మెత్తటి తీగలు, గొంతు దాదాపు మాట్లాడినట్టే, ఇదేం పాట అనిపిస్తుంది. తర్వాత సోలో మొదలవుతుంది, కానీ మొదలైందని తెలీదు. రెండు స్వరాలు వేసి ఊరుకుంటాడు, మళ్లీ మూడు, ఆ మధ్య ఖాళీలో బాస్ ఒక మెట్టు దిగి మళ్లీ ఎక్కుతుంది, డ్రమ్స్ కొంచెం గట్టిపడతాయి. పాలు పొంగే ముందు గిన్నె అంచున చిన్న బుడగలు కడతాయి చూడండి, అలా. ఎక్కడ పొంగిందో చెప్పలేం, చూసేసరికి స్టవ్ మీద ఉంటుంది. నా సీడీలో సరిగ్గా ఆ చోటే గీత పడి ఒక అర సెకను ఎగిరిపోయేది. ఇప్పుడు ఫోన్‌లో వింటున్నా అక్కడికి వచ్చేసరికి నా చెవి ఒక అడుగు ముందుకు దూకి ఆగి, వెనక్కి చూసుకుంటుంది.

'సిన్నర్ బాయ్' స్లైడ్ పాట, అంటే వేలికి గొట్టం తొడిగి తీగల మీద జారుస్తూ వాయించేది. అది వాయించాలని రాణిగంజ్‌లో పైపుల షాపుకి పోయి ఇత్తడి గొట్టం ముక్క కోయించుకున్నాను. ఏ పంపుకని షాపతను అడిగితే గిటార్‌కి అన్నాను, కోయడం ఆపి నా మొహం చూశాడు. అంచు సరిగ్గా అరగదీయలేదు, చిటికెన వేలు కోసుకుంది. రెండు నెలలు వాయించాక మా అమ్మ, 'ఒరేయ్, పిల్లి ఎక్కడో ఇరుక్కుంది, చూడరా' అంది. స్లైడ్ అంటే తీగ మీద జారడం కాదని, సరిగ్గా ఆ ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీ) మీద ఆగడమని అప్పుడు తెలిసింది. ఆయన ఎంత వేగంగా జారినా ఆగేచోట తేడా రాదు.

మా అక్క కొడుకు ఈమధ్య గిటార్ నేర్చుకుంటున్నాడు, వాడి దగ్గర తొమ్మిది పెడల్స్ ఉన్నాయి, కాలితో నొక్కితే గిటార్ మోతని మార్చే డబ్బాలు. 'మామయ్యా, ఈ టోన్‌కి ఏం వాడాడు?' అని అడిగాడు. ఆ రోజుల్లో వాక్స్ ఏసీ30 యాంప్, దాని ముందు డల్లాస్ రేంజ్‌మాస్టర్ అనే చిన్న ట్రెబుల్ బూస్టర్ (సన్నటి మోతని పెంచే) డబ్బా, అంతే. గిటార్ 1961 నాటి స్ట్రాటోకాస్టర్, 1963లో కార్క్ ఊళ్లో 100 పౌండ్లకి అప్పు మీద కొన్నాడు, అప్పటికి పదిహేనేళ్ల కుర్రాడు. జీవితాంతం అదే వాయించాడు, రంగంతా ఊడి కట్టె తేలిపోయింది. ఆయన 1995లో పోయాడు, 47 ఏళ్లకే. ఆ గిటార్ 2024లో లండన్‌లో వేలానికి వచ్చి చివరికి ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి చేరింది. ఇదంతా చెప్తే మావాడు విని, 'అయితే రేంజ్‌మాస్టర్ ఎంతుంటుంది మామయ్యా' అన్నాడు. పదో పెడల్ అన్నమాట.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 'ఫర్ ద లాస్ట్ టైమ్' ఆరున్నర నిమిషాలు, అందులో ఒకటిన్నర నిమిషం నాకు ఇప్పటికీ అనవసరం. గొంతు గొప్ప గొంతు కాదు, పై స్థాయిలో పల్చబడుతుంది. సాహిత్యం కూడా చాలాచోట్ల నువ్వు వెళ్లిపోయావు, నేను మిగిలాను అనే దగ్గరే తిరుగుతుంది. 'ఇట్స్ యూ' మాండలిన్‌తో వచ్చే చిన్న కంట్రీ పాట, సరదాగా ఉంటుంది, అంతకు మించి లేదు. కానీ 'వేవ్ మైసెల్ఫ్ గుడ్‌బై', 'ఐయామ్ నాట్ సర్‌ప్రైజ్డ్' ఈ రెంటిలో విన్సెంట్ క్రేన్ పియానో ఉంది చూశారూ, అక్కడ రోరీ గిటార్‌ని వెనక్కి జరిపి అతిథికి కుర్చీ వేస్తాడు. సొంత పేరుతో తీసిన మొదటి ఆల్బమ్‌లో అలా చేయడం నాకు నచ్చింది.

ఇక కొనే సంగతి. 2021లో యాభై ఏళ్ల ఎడిషన్ వచ్చింది, కొత్త మిక్స్ (పాత టేపుల్లోని వాద్యాల మోతల్ని మళ్లీ కొత్తగా కలపడం), బోలెడన్ని అవుట్‌టేక్స్ (అప్పుడు ఆల్బమ్‌లో పెట్టకుండా వదిలేసినవి), బీబీసీ రికార్డింగులు, పారిస్ కచేరీ డీవీడీ. నేను ఆశపడి ఎల్‌పీ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. మే నెల, మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరని కొరియర్ కుర్రాడు ప్యాకెట్‌ని మెట్ల దగ్గర ఎండలో పెట్టి ఫొటో తీసి వెళ్లిపోయాడు. సాయంత్రానికి రికార్డు అప్పడంలా వంగింది. సూది లేస్తూ పడుతూ ఉంటే 'లాండ్రోమాట్' రిఫ్ జలుబు చేసినట్టు మోగింది. అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే వారం తిప్పి, రిటర్న్ గడువు దాటిందన్నారు. హైదరాబాద్‌లో ఎల్‌పీ తెప్పించుకోవాలంటే డిసెంబర్‌లో తెప్పించుకోండి, లేదా ఆఫీసు అడ్రస్ ఇవ్వండి. తర్వాత కొత్త మిక్స్‌ని ఫోన్‌లో విన్నాను, ఏ వాద్యం ఆ వాద్యంగా విడివిడిగా వినిపిస్తుంది, శుభ్రంగా ఉంది, అవుట్‌టేక్స్ ఒకసారికి చాలు. నాకైతే పాత మిక్సే ఇష్టం, ముగ్గురూ ఒకే చాప మీద కూర్చున్నట్టు ఉంటుంది.

కొత్తగా వినేవాళ్లు ఆరో పాట 'సిన్నర్ బాయ్' నుంచి మొదలుపెట్టండి. చివరి పాట 'కాన్ట్ బిలీవ్ ఇట్స్ ట్రూ' ఏడు నిమిషాల పైనే, అందులో శాక్సోఫోన్ కూడా రోరీయే ఊదాడు. బండి దుర్గం చెరువు దాటుతుండగా గిటార్, శాక్స్ ఒకదాని మాట ఒకటి అందుకుంటూ ఉంటాయి. హైటెక్ సిటీలో తలుపులు తెరుచుకున్నా పాట ఇంకా ఒక నిమిషం మిగిలి ఉంటుంది. ఆ నిమిషం కోసం ఎస్కలేటర్ వదిలేసి మెట్లు దిగుతాను, రోజూ.