జమైకా యాస: ఊరి గొంతు మేలా, నేర్చుకున్న గొంతు మేలా?

మనలో చాలామంది కరీబియన్ ఇంగ్లీషును మొదట విన్నది సినిమాల్లో కాదు, క్రికెట్ కామెంటరీలో. మైకేల్ హోల్డింగ్‌ది జమైకా, ఇయాన్ బిషప్‌ది ట్రినిడాడ్, టోనీ కోజియర్‌ది బార్బడోస్. కాస్త చెవిపెట్టి వింటే ముగ్గురి పలుకూ ఒకటి కాదని తెలిసిపోతుంది. ట్రినిడాడ్ మాటలో పాటలాంటి ఎత్తుపల్లాలుంటాయి. బార్బడోస్ వాళ్ళు మాట చివర రకారాన్ని మింగరు, గట్టిగా పలుకుతారు. హాలీవుడ్‌కు మాత్రం చాలాకాలం ఇవన్నీ ఒకటే. వాక్యం చివర "మాన్" అని తగిలిస్తే చాలు, ఏ దీవి మనిషైనా తయారు! తెలంగాణ యాసను ఏళ్ళ తరబడి రౌడీలకూ కామెడీ పాత్రలకూ అంటగట్టడం చూసినవాళ్ళం, ఆ బాధ ఎలాంటిదో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

జమైకా వరకే తీసుకుంటే, ఈ యాసను తెరకెక్కించడానికి మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది, ఊరివాళ్ళనే పెట్టి వాళ్ళ మాట వాళ్ళనే మాట్లాడనివ్వడం. 1972లో పెర్రీ హెంజెల్ తీసిన 'ది హార్డర్ దే కమ్' అలాంటిది. హీరో జిమ్మీ క్లిఫ్ జమైకా గాయకుడు, చుట్టూ ఉన్నవాళ్ళూ ఎక్కువగా అక్కడివాళ్ళే. వాళ్ళ పాట్వా, అంటే జమైకా జనం రోజూ మాట్లాడుకునే మాట, ఎంత చిక్కగా ఉంటుందంటే, అమెరికాలో ఆడించేటప్పుడు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేయాల్సి వచ్చింది. అక్కడ కారు 'క్యార్' అవుతుంది, థింగ్ 'టింగ్' అవుతుంది. ఇంతవరకు ఏ నటుడైనా నేర్చుకోగలడు. కానీ తినడాన్ని 'న్యామ్' అంటారు. ఒక్కరితో మాట్లాడితే 'యు', నలుగురితో అయితే 'ఊను'. మన నువ్వు, మీరు తేడా లాంటిదే. నేటి ప్రామాణిక ఇంగ్లీషులో అది లేదు. పాట్వాను వంకర ఇంగ్లీషు అనుకునేవాళ్ళు ఈ ఒక్క మాట గమనిస్తే చాలు. అది సొంత వ్యాకరణం ఉన్న భాష.

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. జమైకా మనిషి రోజంతా ఒకే మాట మాట్లాడడు. ఆఫీసులో ఇంగ్లీషు వైపు జరుగుతాడు, ఇంటికొచ్చాక పాట్వాలోకి దిగుతాడు. ఈ సినిమాలో రికార్డుల వ్యాపారి హిల్టన్ మాట ఇంగ్లీషు వైపు మొగ్గుతుంది. పల్లె నుంచి రాజధాని కింగ్‌స్టన్ వచ్చిన హీరో ఐవాన్ మాటలో ఇంకా పల్లె పోలేదు. హిల్టన్ అతని పాటకు 20 డాలర్లు ఇస్తానంటాడు. ఎవరిది పైచేయో డబ్బు చేతులు మారకముందే మన చెవికి తెలిసిపోతుంది.

రెండో దారి, బయటి నటులతో పలచన చేసిన యాస. 1993 నాటి 'కూల్ రన్నింగ్స్' దీనికి పెద్ద ఉదాహరణ. 1988 కాల్గరీ వింటర్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జమైకా బాబ్‌స్లెడ్ (మంచు మీద బండి పందెం) జట్టు కథ. మనసున్న సినిమా, నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ ఆ నలుగురు నటుల్లో జమైకాలో పుట్టినవారు ఒక్కరూ లేరు. రాల్ లూయిస్ ట్రినిడాడ్‌లో పుట్టాడు, మిగతా ముగ్గురూ అమెరికన్లు. సబ్‌టైటిల్స్ లేకుండా అందరికీ అర్థమవుతుంది, అది లాభమే. అయితే ఆ కుర్రాళ్ళు తమలో తాము మాట్లాడుకున్నా, అమెరికన్ కోచ్‌తో మాట్లాడినా మాట దాదాపు ఒకేలా ఉంటుంది. యాస ఉంది, దాని కదలిక లేదు.

మూడోది, వేరేచోట పుట్టిన నటుడు పట్టుబట్టి నేర్చుకోవడం. 2024లో వచ్చిన 'బాబ్ మార్లీ: వన్ లవ్'లో జమైకా రెగే గాయకుడు మార్లీగా వేసిన కింగ్స్‌లీ బెన్-అదిర్ లండన్‌వాడు. మార్లీ ఇంటర్వ్యూలు వీడియోల్లో ఉన్నాయి కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. తేడా ఉంది, కానీ శ్రమ వినిపిస్తుంది. దానికి ఒక కారణం చుట్టూ ఉన్న మనుషులు. జమైకా నటులున్నారు, మార్లీ బృందంలో బేస్ గిటార్ వాయించిన ఆస్టన్ బ్యారెట్ పాత్రలో ఆయన కొడుకే ఉన్నాడు. పక్కవాడి మాట సరిగ్గా ఉంటే మన మాటా దారిలో పడుతుంది.

నా ఓటు మొదటి దారికే. మలయాళం, కొరియన్ సినిమాలు సబ్‌టైటిల్స్‌తో చూస్తున్న మనకు పాట్వా ఏం బరువు? పెద్ద స్టార్ తప్పదంటే మూడోది, కానీ చుట్టూ ఊరివాళ్ళు ఉండి తీరాలి. రెండోదాన్ని ఈ రోజుల్లో సమర్థించలేను.

1998 నాటి 'మీట్ జో బ్లాక్'లో చిన్న ఆసుపత్రి సన్నివేశం ఉంది. మృత్యువుగా వచ్చిన బ్రాడ్ పిట్ ఒక జమైకా పెద్దావిడతో పాట్వాలో మాట్లాడతాడు. దయ్యానికి జమైకాలో వాడే 'డప్పీ', తూర్పు దీవుల్లోనూ గయానాలోనూ వాడే 'జంబీ' రెండూ ఒకే ఊపిరిలో వచ్చేస్తాయి. ఆ పెద్దావిడగా నటించిన లోయిస్ కెల్లీ మిల్లర్ జమైకా నటి. ఈసారి చూసినప్పుడు ఆయన్ని వదిలేసి ఆమె మాట వినండి.