పోస్ట్-ఇట్‌లు మేమే కనిపెట్టాం: 'రోమీ అండ్ మిషెల్స్ హైస్కూల్ రీయూనియన్'

పదేళ్ల తర్వాత స్కూల్ బ్యాచ్ అంతా ఒకచోట కలుద్దాం అనగానే చాలామందికి లోపల మొదలయ్యే టెన్షన్ ఒక్కటే: "ఇప్పుడేం చేస్తున్నావ్, ఎక్కడ సెటిలయ్యావ్?" అని అడిగితే ఏం చెప్పాలి? 1997లో వచ్చిన ఈ హాలీవుడ్ కామెడీకి కథంటూ ఉంటే అదే.

రోమీ (మీరా సొర్వీనో), మిషెల్ (లీసా కుద్రో) లాస్ ఏంజెలెస్‌లో ఒకే ఇంట్లో ఉంటారు. ఒకమ్మాయి జాగ్వార్ కార్ల డీలర్ దగ్గర క్యాషియర్, ఇంకో అమ్మాయికి అసలు ఉద్యోగమే లేదు. బట్టలు తామే కుట్టుకుంటారు, రాత్రయితే క్లబ్బుకెళ్లి ఇద్దరే డాన్స్ చేసుకుంటారు, ఇంట్లో చూసేసిన సినిమానే మళ్లీ పెట్టుకుని దాన్ని వెక్కిరిస్తూనే కళ్లు తుడుచుకుంటారు. హాయిగా ఉన్నారు. అరిజోనాలోని టూసాన్‌లో వాళ్ల స్కూల్ 1987 బ్యాచ్ కలుస్తోందని పాత క్లాస్‌మేట్ చెవిన వేసి, ఇన్నాళ్లూ ఏం సాధించారో రాసే వంతు వచ్చేసరికి గానీ తమ దగ్గర చెప్పుకోడానికేమీ లేదని రోమీకి అనిపించదు. అప్పటిదాకా లేని లోటు అప్పుడు పుట్టుకొస్తుంది. మన టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో ఆత్మీయ సమ్మేళనం డేట్ పడగానే సగంమంది ఎందుకు సైలెంట్ అయిపోతారో తెలిసినవాళ్లకి ఈ సీన్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఉన్న కాస్త టైములో ఒళ్లు తగ్గి, ఉద్యోగాలూ బాయ్‌ఫ్రెండ్లూ సంపాదించేయాలని చూస్తారు, కుదరదు. ఇక మిగిలింది కోతలు కోయడమే. నల్ల సూట్లు తొడుక్కుని, అడిగి తెచ్చుకున్న జాగ్వార్‌లో బయల్దేరి, మేం పెద్ద బిజినెస్ ఉమెన్ అంటారు, పోస్ట్-ఇట్‌లు మేమే కనిపెట్టాం అంటారు. అదేనండీ, ఆఫీసుల్లో కంప్యూటర్ మానిటర్ అంచున అంటించుకునే పసుపు చీటీలు. అవి త్రీఎం కంపెనీవి, ఆర్ట్ ఫ్రై అనే ఆయన ఐడియా, అమెరికా అంతటా మార్కెట్లోకి వచ్చింది 1980లో. 1987లో స్కూల్ అయిన ఈ పిల్లలు అప్పటికి హైస్కూల్ గడప కూడా తొక్కి ఉండరు! అబద్ధం ఆడటానికి కూడా లెక్క చూసుకోని ఆ అమాయకత్వం వల్లే వీళ్ల మీద కోపం రాదు.

దారిలో ఈ పోస్ట్-ఇట్‌ల ఘనత ఎవరిదనే దగ్గరే ఇద్దరికీ చెడుతుంది. లేని గొప్పలో వాటాల కోసం కొట్టుకోవడం, మన ఇద్దరిలో ఎవరు అందంగా ఉంటారు అనేదాకా వెళ్లడం, ఇదంతా ఎంత సీరియస్‌గా ముఖం పెట్టుకుని చేశారో. రచయిత్రి రాబిన్ షిఫ్ తన నాటకంలో చిన్న పాత్రలుగా రాసుకున్న ఇద్దరమ్మాయిల్నే తర్వాత ఈ సినిమాకి హీరోయిన్లు చేసింది, కుద్రో ఆ నాటకంలోనూ మిషెల్‌గా వేసింది. అందుకేనేమో ఆవిడ ఆ పాత్రలో ఎక్కడా నటిస్తున్నట్టు ఉండదు. సొర్వీనో అప్పటికే ఆస్కార్ తీసుకున్న నటి, గొంతు బొంగురుగా పెట్టి మరీ దిగిపోయింది.

నాకు మాత్రం వీళ్లిద్దరికంటే, రీయూనియన్ కబురు చెప్పిన ఆ పాత క్లాస్‌మేట్ హెదర్ (జనీన్ గరోఫలో) ఎక్కువ నచ్చింది. నోట్లో సిగరెట్, ఎవరిని చూసినా చిరాకు. స్కూల్లో రోమీ, మిషెల్‌లని క్రిస్టీ గ్యాంగ్ ఏడిపించేది, మిషెల్ వెన్ను కోసం వేసుకున్న లోహపు బ్రేస్‌కి (ఆసరా పట్టీకి) అయస్కాంతాలు అంటించి నవ్వుకునేవాళ్లు. అయితే హెదర్ లెక్కలో తన స్కూల్ జీవితాన్ని నరకం చేసింది ఈ ఇద్దరే. హెదర్ వల్ల ఏడ్చిన టోబీ అనే అమ్మాయి ఇంకొకత్తె ఉంది, ఆ సంగతి తెలిశాక హెదర్ ముఖం వెలిగిపోతుంది చూడండి, తనకంటే కింద కూడా ఒకరున్నారన్నమాట! మంచి చెడుల క్లాసు పీకకుండా స్కూల్ అంటే ఏంటో ఆ కాసేపట్లో చెప్పేశారు.

బట్టల గురించి చెప్పకపోతే పాపం. కాస్ట్యూమ్స్ మోనా మే చేసింది. బండారం బయటపడ్డాక నల్ల సూట్లు విప్పేసి, ఒకరు నీలం ఒకరు గులాబీ తళుకు గౌన్లేసుకుని మళ్లీ హాల్లోకి వస్తారు. అప్పుడు వోగ్ పత్రికలో పనిచేసే పాత క్లాస్‌మేట్ ఆ కుట్టు బాగుందంటుంది. సినిమా మొదట్నుంచీ కళ్లముందే ఉన్న పనితనం అది, అప్పటిదాకా వాళ్లకే పట్టలేదు.

ఇక నచ్చనివి. మధ్యలో మిషెల్ కల ఒకటి ఉంది, సరదాగానే మొదలవుతుంది గానీ సాగుతూనే ఉంటుంది, డైరెక్టర్ డేవిడ్ మిర్కిన్ అక్కడ కత్తెర వేయాల్సింది. స్కూల్లో మిషెల్ వెంటపడ్డ శాండీ (అలన్ కమింగ్) కోట్లకి పడగలెత్తి హెలికాప్టర్‌లో దిగడం, ఆఖరికి వీళ్లు పెట్టుకునే బట్టల షాపుకి పెట్టుబడి కూడా ఆయనదే అవడం మరీ వీలుగా కుదిరింది. డబ్బు, హోదా లేకపోయినా ఏంటట అని ఇంతసేపు చెప్పి చివర్లో డబ్బున్నోడిని దింపడమేంటి? కాకపోతే ఆయన డాన్స్‌కి పిలిస్తే రోమీ కూడా వస్తేనే వస్తానంటుంది మిషెల్, సిండీ లాపర్ పాటకి ముగ్గురూ కలిసి వేసే ఆ డాన్స్ చూశాక నా కంప్లైంట్ సగం వెనక్కి తీసుకున్నాను. స్టెప్పులు బాలే తరహాలో మొదలై ఎటెటో పోతాయి, ముగ్గురి ముఖాల్లోనూ నవ్వన్నది ఉండదు, అంత సీరియస్.

నిడివి గంటన్నర. బూతులు కొన్ని ఉన్నాయి, కాబట్టి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవద్దు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, హెదర్ పళ్లు బిగించి గొణిగేవాటిలోనే మంచి పంచ్‌లున్నాయి.