ఏడేళ్లుగా వాడుతున్న డైలటోమీటర్: నా అనుభవం

గాజువాక ఆటోనగర్ పక్కన మాది చిన్న టెస్టింగ్ ల్యాబ్. స్టెయిన్‌లెస్ స్టీల్ చల్లారేటప్పుడు లోపల ఏం మారుతుందో తెలుసుకోవడానికి ఈ క్వెంచ్ డైలటోమీటర్ (ముక్కని వేగంగా చల్లార్చి, దాని పొడవులో మార్పు కొలిచే యంత్రం) కొన్నాం. 10 మి.మీ. పొడవు, 4 మి.మీ. మందం ఉన్న ముక్కని ఇండక్షన్ కాయిల్ మధ్య పెట్టి, వేడిచేసి, గ్యాస్ ఊది చల్లారుస్తుంది. ఉష్ణోగ్రత మారుతుంటే అది కొలిచేది ఒక్క పొడవునే, దాన్నే గీతగా గీస్తుంది.

ఆ ఒక్కటే చాలా చెబుతుంది. 420 గ్రేడ్‌ని (చల్లారిస్తే గట్టిపడే స్టెయిన్‌లెస్ రకం) 1000 డిగ్రీల నుంచి చల్లారిస్తే గీత నున్నగా కిందికి దిగుతుంది. 300 డిగ్రీలు దాటాక గభాలున పైకి తిరుగుతుంది. చల్లారే ఇనుము సాగడమేంటి? మొదటిసారి సెన్సార్ పోయిందనుకున్నాను. వేడిలో ఉండే ఆస్టెనైట్ అనే అణువుల అమరిక, ఎక్కువ చోటు పట్టే గట్టి మార్టెన్‌సైట్‌గా మారుతోందట! అదే ఉక్కుని 1060 నుంచి చల్లారిస్తే ఆ మలుపు ఇంకా కిందికి జారుతుంది. కార్బైడ్లు (కార్బన్, క్రోమియం కలిసిన రేణువులు) ఎక్కువ కరిగి, కార్బన్ ఆస్టెనైట్‌లో చేరిపోవడమే కారణం. 304 గ్రేడ్‌లోనైతే ఆస్టెనైట్ అలాగే ఉండిపోతుంది, గీత తిన్నగా దిగిపోవడమే, మలుపు ఉండదు.

ఓసారి ఒకాయన రాత్రికి రాత్రి పగిలిన 420 షాఫ్ట్ పట్టుకొచ్చాడు. గీత చూపించి, "సాగుడంతా ఇదిగో ఇక్కడే, ముక్క బిగుసుకుపోయాక. టెంపరింగ్ మర్నాటికి వాయిదా వేస్తే ఎలాగండీ?" అన్నాను. టెంపరింగ్ అంటే పెళుసుదనం తగ్గేలా మళ్లీ కాస్త వేడిచేయడం. ఇప్పుడు సాయంత్రమే చేస్తున్నాడు.

ఇక బాధలు. ముక్కకి అతికించి ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగలు వెంట్రుకంత సన్నం. వెల్డింగ్ కాస్త వదులైనా ఉష్ణోగ్రత అంకె అబద్ధమే. నాకు చేయి కుదరడానికి ఏడాది పట్టింది. ఉప్పుగాలికి కాయిల్ దగ్గరి రాగి పచ్చబారుతుంది, నెలకోసారి తుడవాల్సిందే. వ్యాక్యూమ్‌లో మాటిమాటికీ వేడిచేస్తే క్రోమియం ఆవిరై క్వార్ట్జ్ గొట్టం మసకేస్తుంది. సర్వీసు మనిషి కోసం ఓసారి ఐదు వారాలు ఎదురుచూశాం. చల్లార్చడానికి ఊదే హీలియం ఖర్చు మాత్రం తప్పించుకోవచ్చు: 420 గాలికే గట్టిపడే రకం, ఆర్గాన్ సరిపోతుంది.

గీత చూసి అంతా తేల్చేయకండి. మేం ప్రతి ముక్కనీ కోసి, పాలిష్ పట్టి, లోపలి నిర్మాణం కనబడేలా విలెల్లా అనే ఆమ్ల ద్రావణంతో ఎచ్ చేసి (పైపొర కాస్త తినేలా చేసి) మైక్రోస్కోపు కింద పెడతాం.

కొనేవాళ్లు సున్నా కిందికి చల్లార్చే అటాచ్‌మెంట్ కూడా అడగండి. మేం డబ్బు చూసుకుని వదిలేశాం. 1060 డిగ్రీల నుంచి చల్లార్చిన ముక్కల్లో మార్టెన్‌సైట్ మార్పు పూర్తి కాకముందే గది ఉష్ణోగ్రత వచ్చేస్తుంది, పైగా వైశాఖంలో మా గది 33 డిగ్రీలు.