మూడేళ్లుగా గార్నెట్ వాడుతున్నాను: ఉప్పు సంగతి మాత్రం దెబ్బ తిన్నాకే తెలిసింది

మా ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంది. మేడ మీదికి వెళ్తే తప్ప సముద్రం కనిపించదు గానీ, దాని గాలి మాత్రం ప్రతి కిటికీనీ పలకరించే పోతుంది. గ్రిల్స్‌కు ఎంత మంచి రంగు వేయించినా రెండేళ్లు తిరిగేసరికి లోపలి నుంచి తుప్పు పొంగి, రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత కొత్తగా చేయించిన గేటు గతీ అంతే. వైరు బ్రష్షుతో గీకి గీకి విసిగిపోయి, 2022లో 3 హెచ్‌పీ పాత కంప్రెసర్ ఒకటి, గొట్టంతో గ్రిట్‌ను, అంటే గరుకు రేణువులను, పీల్చుకుని గాలి జోరుతో ఇనుము మీద కొట్టి తుప్పు రాల్చే మామూలు గన్ ఒకటి కొన్నాను. వాటి గురించి ఎక్కడైనా చదువుకోవచ్చు. నేను చెప్పదలచుకున్నది ఆ గన్‌లో పోసే సరుకు గురించి.

ఇసుక వాడవచ్చా అని అడిగేవారికి ముందే చెబుతున్నాను: వద్దు. ఏటి ఇసుకైనా వద్దు, ఊరికే వచ్చినా వద్దు. ఇసుక రేణువు ఇనుముకు తగలగానే పగిలి, కంటికి ఆనని పొడిగా గాలిలో తేలుతుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందంటే ఇక బయటికి రాదు. అలా వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బును నయం చేసే మందు లేదు. ఈ పనికి ఇసుక వాడకాన్ని చాలా దేశాలు ఎప్పుడో నిషేధించాయి. మూతికి కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపలేదు.

గాజువాక ఆటోనగర్‌లో మొదట నా చేతికి వచ్చింది కాపర్ స్లాగ్. రాగిని కరిగించినప్పుడు మిగిలే చిట్టెం అది. నల్లగా, గాజు పెంకుల్లా పదునుగా ఉంటుంది. ఓడల పనిలో దీన్ని ఎక్కువగా వాడతారు కాబట్టి మన ఊళ్లో దొరకడం కష్టం కాదు. ధర తక్కువ, తుప్పును బాగా కోస్తుంది. కానీ ఒక్కసారికే చాలా భాగం పొడి అయిపోతుంది, నల్లటి దుమ్ము లేస్తుంది. అందులో ఇసుకలో ఉండే రకం సిలికా తక్కువే అయినా సీసం, ఆర్సెనిక్ లాంటివి కొద్దిగా ఉండవచ్చు కాబట్టి ఆ దుమ్మునూ తేలిగ్గా తీసుకోకూడదు. పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల మీద ఆ మసి పడిన రోజున నేనే వెళ్లి క్షమాపణ చెప్పి, మర్నాడు గార్నెట్ అనే ఖనిజపు పొడి కొన్నాను. కిలోకు రెండింతల పైనే పెట్టాల్సి వచ్చింది.

గార్నెట్ మొదటిసారి పోసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. దానిమ్మ గింజల రంగు పొడి. దోసిట్లోకి తీసుకుంటే ఇసుక కంటే బరువుగా తోస్తుంది. నిజంగానే ఇసుకకు ఒకటిన్నర రెట్ల బరువు. అందుకే దెబ్బ గట్టిగా తగులుతుంది, దుమ్ము గాలిలో తేలకుండా త్వరగా కిందికి దిగుతుంది. గ్రిల్ మీద జానెడు మేర తుప్పు రాలాక గన్ పక్కన పెట్టి చూశాను. బూడిద రంగు ఇనుము, వేలితో రాస్తే సన్నటి ఉప్పుకాగితంలా గరుకుగా ఉంది. రంగు పట్టుకునేది ఆ గరుకునే. కింద పరచిన టార్పాలిన్ మీద పడినదంతా పోగుచేసి, జల్లెడ పట్టి మళ్లీ పోశాను. మళ్లీ పనిచేసింది. ఒక బస్తా కొంటే ఐదు బస్తాల పని అవుతుందని ఆ నెలంతా తెలిసినవాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

ఇంతలో భీమిలిలో ఉండే మా బావమరిది ఓ ఆదివారం సగం బస్తా ఇసుక బండి మీద వేసుకుని వచ్చాడు. “బావా, దీనికి డబ్బులు పోయడం దేనికి? మా ఒడ్డున ఎర్రగా చారలు కట్టేది ఇదే కదా” అన్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మన తూర్పు కనుమల్లోని ఖొండలైట్ రాయి నిండా గార్నెట్ ఉంటుంది. ఆ రాయి శిథిలమై వాగుల్లో కొట్టుకొచ్చి తీరం చేరితే, అలలు బరువైన రేణువులను విడదీసి చారలుగా పేరుస్తాయి. ఎరుపు గార్నెట్, నలుపు ఇల్మెనైట్. కొట్లో అమ్మే సరుకులోనూ కొంత సముద్రపు ఇసుక నుంచి తీసిందే. కానీ ఆ చారల్లో రేడియోధార్మిక థోరియం ఉండే మోనజైట్ కూడా ఉంటుంది. తీరపు ఖనిజాలు ప్రభుత్వ నియంత్రణలో ఉన్నది అందుకే. ఎవరికి వారు తోడి తెచ్చుకునే వస్తువులు కావవి. ఆ సంగతి అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు. అది మా తప్పే.

ఆ ఇసుకను మా బోరు నీళ్లతో రెండుసార్లు కడిగి, మేడ మీద రెండు రోజులు ఎండబెట్టాను. గ్రిల్ ఎడమ సగానికి కొన్న గార్నెట్, కుడి సగానికి ఈ ఇసుక కొట్టాను. పని తెమిలేసరికి చీకటి పడింది. మామూలుగా అయితే ఆ పూటే ప్రైమర్ వేసేస్తాను. ఆ రోజు మాత్రం పొద్దున వేద్దామని గుడ్డ కప్పి పడుకున్నాను.

తెల్లారి గుడ్డ తీస్తే, ఎడమ సగం కాస్త మసకబారిందంతే. కుడి సగం మీద ఎవరో పసుపు చల్లినట్టు నారింజ రంగు చుక్కలు. మూలల్లో, అతుకుల దగ్గర ఇంకా చిక్కగా ఉన్నాయి. గుండె జారిపోయింది. బ్రష్షుతో రుద్ది, రెడ్ ఆక్సైడ్, ఆ పైన రెండు పూతల రంగు వేశాను. ఆరు నెలలకు కుడివైపు రంగు మీద ఆవగింజంత బొబ్బలు లేచాయి. ఒకదాన్ని గోటితో చిదిపితే లోపల నీటి బొట్టు. రంగు కింద మిగిలిపోయిన ఉప్పు పైనుంచి తేమను లాక్కుంటూనే ఉందన్నమాట. ఎడమ సగం ఈ రోజుకీ చెక్కు చెదరలేదు.

మా వీధిలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు ఉన్నారు. ఆయనకు చూపిస్తే, “బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తీసుకురండి, కుళాయి నీళ్లు పనికిరావు” అన్నారు. ఒక గాజు గ్లాసులో కొన్న గార్నెట్, ఇంకో గ్లాసులో భీమిలి ఇసుక వేసి, ఆ నీళ్లు పోసి కలిపి, పైకి తేరిన నీటిలో, ఉప్పు ఉంటే తెల్లబరిచే సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేశారు. మొదటి గ్లాసు తేటగానే ఉంది. రెండోది చూస్తుండగానే బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడింది. మా బోరు నీళ్లు ఉప్పువి కావడంతో అలా జరిగింది. ఉప్పు నీళ్లతో కడిగి ఉప్పు పోయిందనుకున్నాను నేను.

అసలు విషయం మూడో గ్లాసులో బయటపడింది. నాలుగుసార్లు జల్లెడ పట్టి దాచుకున్న పాత గార్నెట్‌ను కూడా చూద్దామని పట్టుకెళ్లాను. అదీ మసకబారింది! తీరంలోని ఇనుముకు పట్టిన తుప్పులోనే ఉప్పు ఉంటుంది. ఆ తుప్పును రాల్చి, రాలినదంతా మళ్లీ అదే ఇనుము మీద కొడుతున్నాను నేను. అప్పటినుంచి ఐదు బస్తాల పని అన్న మాట ఎవరితోనూ అనడం లేదు. గట్టిగా చెప్పాలంటే రెండుసార్లు. మూడోసారి వాడాలంటే అది ఇంట్లోని సామానుకే. పైగా వాడిన కొద్దీ పొడి పెరిగి దుమ్మూ ఎక్కువవుతుంది.

ఇప్పుడు నా పద్ధతి మారింది. ముందు ఇనుమును మంచి నీళ్లతో రుద్ది కడిగి పూర్తిగా ఆరనిస్తాను. మొదటి విడత కాపర్ స్లాగ్ కొట్టి, అది ఎత్తి పారేస్తాను. చివరి విడత మాత్రమే కొత్త గార్నెట్, ఆ వెంటనే ప్రైమర్. తుప్పంతా చౌక సరుకుతో పోతుంది కాబట్టి ఒక గార్నెట్ బస్తా మూడు కిటికీలకు వస్తోంది. అన్నీ లెక్క వేస్తే ఒక్క గార్నెట్‌తోనే చేసినప్పటి కంటే ఖర్చు తగ్గింది. స్లాగ్ మసి కోసం చుట్టూ తడి గోనెపట్టాలు కడుతున్నాను. పక్కింటి అక్కయ్యగారికి ముందు రోజే చెప్పి మరీ మొదలుపెడతాను.

వానాకాలంలో ఈ పనే పెట్టుకోను. జూలై, ఆగస్టుల్లో కంప్రెసర్ ట్యాంకులో చేరే నీటికి గార్నెట్ ముద్ద కట్టి నాజిల్ మూసుకుపోతుంది. దాన్ని తిట్టుకుంటూ రెండు పూటలు పాడుచేసుకున్నాక గాలి గొట్టానికి నీటిని వేరుచేసే ఫిల్టరు బిగించాను. కొంత నయం, పూర్తిగా కాదు.

మిగతా సరుకు గురించి రెండు మాటలు. బ్రౌన్ అల్యూమినియం ఆక్సైడ్ గార్నెట్ కంటే చాలా గట్టిది, ఎక్కువసార్లు వస్తుంది. కింద పడిన ప్రతి గింజనూ పోగుచేసే క్యాబినెట్ ఉన్నవారికే దాని ధర గిట్టుబాటవుతుంది. మేడ మీద గాలిలో కొట్టే నాకు కాదు. స్కూటరు కార్బురేటర్ లాంటి అల్యూమినియం భాగాలకు గాజు పూసలు వాడాను, మెరుపు బాగా వచ్చింది. ఆ పనికి గార్నెట్ మరీ కరుకు.

వీటిలో ఏది కొట్టినా ఫిల్టర్లు బిగించే రబ్బరు మాస్కు తప్పనిసరి. మామూలు గుడ్డ మాస్కుతో గన్ పట్టుకోవద్దు.

సముద్రానికి దగ్గరగా ఉండి, ఏడాదికి నాలుగైదు గ్రిల్స్ చేసుకునే నాలాంటివారికి స్లాగ్, ఆపైన గార్నెట్ సరిపోతుందని నా అభిప్రాయం. ఒక్క గేటు కోసమే అయితే ఇదంతా కొనకండి. ఆటోనగర్‌లో ఇచ్చి చేయించుకోవడమే చవక. ఇచ్చేటప్పుడు గ్రిట్ కొత్తదా, వాడినదా అని ఒక్క మాట అడగండి. వీలైతే ప్రైమర్ కూడా ఆ పూటే అక్కడే వేయించండి. మా గ్రిల్ కుడి సగాన్ని వచ్చే డిసెంబరులో మళ్లీ మొదటి నుంచి చేయాలి. దాని కోసం బస్తా ఒకటి విప్పకుండా పక్కన పెట్టాను.