దివిసీమలోని మా ఇంటికి భారత్ గృహ రక్ష: ఒక పాలసీదారు సమీక్ష

మాది అవనిగడ్డ. ఉద్యోగరీత్యా మేము విజయవాడలో స్థిరపడినా నాన్నగారు కట్టించిన ఇల్లు అక్కడే ఉంది, అమ్మ అందులోనే ఉంటున్నారు. 2023 వేసవిలో ఆ ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకున్నాము. బీమా నియంత్రణ సంస్థ ఆదేశం మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ప్రామాణిక పాలసీ కాబట్టి, ఏ కంపెనీ వద్ద తీసుకున్నా దీని మూల షరతులు ఒక్కటే. అందువల్ల కంపెనీ పేరు ప్రస్తావించకుండా, మా ఊరికి ఉన్న ప్రమాదాలకు ఈ పాలసీ ఎంతవరకు సరిపోతుందో మాత్రమే రాస్తున్నాను.

కృష్ణానది రెండు పాయల నడుమ, సముద్రాన్ని ఆనుకొని ఉన్న సీమ మాది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి వినకుండా పెరిగిన పిల్లలు మా వైపు లేరు. ఆనాడు సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ళు సముద్రం పాలయ్యాయి. అధికారిక లెక్కల ప్రకారమే చనిపోయినవారు సుమారు పదివేల మంది. అంతకు ముందు 1864లో బందరును ముంచిన ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. 1990 మేలో వచ్చిన తుపాను కూడా కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది గాని, హెచ్చరికలు సకాలంలో అంది జనాన్ని ముందే తరలించినందువల్ల మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. ఇళ్ళు మాత్రం అప్పుడూ కూలాయి. ఇంటికి బీమా ఎందుకని అడిగిన మా బంధువులకు నేను 1990 నే ఉదాహరణగా చెబుతాను.

పాలసీ పత్రంలో తుపాను, వరద, ముంపు, సునామీ, భూకంపం, పిడుగుపాటు అన్నీ ఉన్నాయి. వీటిలో దేనికీ విడిగా అదనపు రుసుము కట్టనక్కరలేదు. ఉప్పెన అన్న మాట విడిగా కనిపించక మొదట సందేహించాను. తుపాను, ముంపు రెండూ ఉన్నాయి కాబట్టి అది వాటిలోకే వస్తుందని కంపెనీవారి నుంచి రాతపూర్వకంగా తెప్పించుకున్నాను. తీరప్రాంతం వారెవరైనా ఈ పని చేయడం మంచిది.

బీమా మొత్తాన్ని స్థలం విలువతో సంబంధం లేకుండా, ఇంటి లోపలి విస్తీర్ణాన్ని చదరపు మీటరు నిర్మాణ వ్యయంతో గుణించి నిర్ణయిస్తారు. మా ఇంటికి అది 30 లక్షలు వచ్చింది. మేము కట్టిన ప్రీమియం ఏడాదికి రెండు వేల రూపాయల లోపే. భవన విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, సామాన్లకు వాటంతట అవే రక్షణ లభిస్తుంది కాబట్టి మా సామాన్లకు 6 లక్షలు వర్తించాయి. విలువ తక్కువ చూపారంటూ నష్టపరిహారంలో దామాషా కోత పెట్టే పాత పద్ధతి ఇందులో లేకపోవడం నాకు అన్నిటికంటె నచ్చిన అంశం. పాత ఇళ్ళ విలువను సరిగ్గా అంచనా వేయడం మామూలు కుటుంబాలకు సాధ్యమయ్యే పని కాదు.

తీసుకున్న ఆరు నెలలకే అవసరం పడింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపానుకు మా పెరట్లోని కొబ్బరిచెట్టు కూలి ప్రహరీ పడిపోయింది, వసారా రేకులు లేచిపోయాయి. ప్రహరీ, గేటు, నీళ్ళ ట్యాంకు కూడా ఇంటిలో భాగమేనని ఈ పాలసీ నిర్వచిస్తుంది. అమ్మ ఆ రోజే ఫోనులో ఫొటోలు తీయించి పంపారు, నేను వెంటనే కంపెనీకి తెలియజేశాను. నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు వచ్చి కొలతలు తీసుకొని వెళ్ళారు, డబ్బు నెలన్నరలోపు జమ అయింది. చెట్టుకు పరిహారం రాదు, అది సబబే.

ఇక అసలు లోపం దగ్గరకు వస్తాను. 2024 ఆషాఢంలో అమ్మను విజయవాడ తీసుకువచ్చాము. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వదిలినప్పుడు, ఇక్కడ విజయవాడలో బుడమేరు వాగు నీటిలో సింగ్ నగర్ మునిగి ఉంది, అక్కడ కృష్ణ కరకట్టను ఒరుసుకుంటూ పోతోంది. ఆ రాత్రి పాలసీ పత్రం తీసి చదివితే, ఇల్లు వరుసగా 30 రోజులకు మించి ఎవరూ లేకుండా ఉండేట్లయితే ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయాలన్న షరతు కనిపించింది. అప్పటికి అమ్మ వచ్చి ఐదు వారాలు దాటింది. అదృష్టవశాత్తు ఇంటికి నీరు రాలేదు. పాలసీ అమ్మిన ఏజెంటు ఈ విషయం ఒక్కసారైనా చెప్పలేదు. వయసు మళ్ళిన తల్లిదండ్రులను వానలకు ముందు నగరానికి తెచ్చుకొని కార్తీకం తరువాత పంపడం మా సీమలో చాలా కుటుంబాలు చేసే పని. తుపానుల కాలం కూడా సరిగ్గా అదే. మనుషులను సురక్షితంగా తరలించినందుకు ఇంటి రక్షణ ప్రశ్నార్థకం కావడం అన్యాయమని నా అభిప్రాయం, తీరప్రాంత జిల్లాలకైనా ఈ గడువును సడలించాలి. ఇప్పుడు అమ్మ బయలుదేరే ముందే కంపెనీకి ఈమెయిలు పంపి, వారి జవాబును దాచుకుంటున్నాను.

రెండో లోపం నదీకోత. నేల కుంగడం వల్ల కలిగే నష్టానికి రక్షణ ఉంది గాని, నది లేదా సముద్రం ఒడ్డును కోసివేయడం వల్ల కలిగే నష్టాన్ని పాలసీ స్పష్టంగా మినహాయించింది. మా ఇల్లు ఊరి నడుమ ఉంది కాబట్టి మాకు ఇబ్బంది లేదు. లంకల్లో, నది వార ఇళ్ళున్నవారు, వరద తగ్గాక ఒడ్డు విరిగి గోడ జారితే ఈ పాలసీ ఆదుకుంటుందని అనుకోకూడదు.

బంగారం వంటి విలువైన వస్తువులకు విడిగా ఎంపిక చేసుకొని అదనపు ప్రీమియం కట్టాలి. నగదుకు, పశువులకు రక్షణ లేదు.

నేను ఈ ఏడాది కూడా పునరుద్ధరించాను. పదేళ్ళ వరకు ఒకేసారి తీసుకునే వీలుంది, అలా తీసుకుంటే బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున అదనపు రుసుము లేకుండా పెరుగుతుంది. ఇసుక, సిమెంటు, కూలి ధరలు పెరుగుతున్న తీరు చూస్తే వచ్చే ఏడాది దీర్ఘకాలిక పాలసీకి మారాలని ఉంది.