డాలస్ చలిలో అవకాడో: నేలలోనా, కుండీలోనా?

డిసెంబరు వచ్చిందంటే మా కరివేపాకు కుండీ గరాజ్‌లోకి చేరుతుంది. రెండేళ్లుగా దాని పక్కన అవకాడో కుండీ కూడా. అంతకుముందు ఒక అవకాడోని పెరట్లో నాటి పోగొట్టుకున్నాను. కాబట్టి నేలా, కుండీయా అని అడిగితే నా జవాబు కాస్త పక్షపాతంగానే ఉంటుంది.

ముందు రకం సంగతి. షాపులో కొన్న హాస్ రకం అవకాడో పండు గింజని మొలకెత్తించి నాటే ఆలోచన ఉంటే మానేయండి. హాస్ 28 ఫారన్‌హీట్, అంటే మైనస్ 2 సెల్సియస్ దగ్గరే దెబ్బతింటుంది. గింజ మొక్క కాయడానికి పదేళ్లయినా పట్టొచ్చు, కాసినా అది హాసే అవుతుందన్న నమ్మకం లేదు. చలికి ఆగేవి మెక్సికో జాతివి: మెక్సికోలా, లీలా, జోయీ లాంటివి. కాయ చిన్నది, తొక్క పల్చన, ఆకు నలిపితే సోంపు వాసన.

వీటి చీటీల మీద 15 డిగ్రీలు, 20 డిగ్రీలు అని ఫారన్‌హీట్‌లో రాసి ఉంటుంది. ఆ అంకె ముదిరిన చెట్టుకి, అదీ కొన్ని గంటల చలికి. చిటికెన వేలంత మొక్కకి కాదు. నేను చీటీ నమ్మాను. జనవరిలో ఒక్క రాత్రికే ఆకులు ఉడికిన పాలకూరలా వేలాడాయి, తర్వాత కాండం నల్లబడింది. ఏప్రిల్‌లో అడుగునుంచి చిగురొస్తే సంబరపడ్డాను. వంగి చూస్తే అది అంటు, అంటే కొన్న రకాన్ని మరో మొక్క కాండానికి అతికించిన చోటు, కింద నుంచి వచ్చింది. బతికింది అడుగున వేళ్లున్న ఆ మరో మొక్క, నేను కొన్న రకం పోయింది.

అందుకే నేలలో పెంచేవాళ్లు గట్టి చలి రాకముందే అంటు మునిగేలా కాండం చుట్టూ మట్టి పోస్తారు. పైనంతా మాడినా మట్టి కింద మొగ్గలు మిగిలితే అసలు రకమే మళ్లీ లేస్తుంది. వెచ్చబడ్డాక ఆ మట్టి తీసేయాలి. మొక్క మీద ఫ్రాస్ట్ క్లాత్ (చలి నుంచి కాపాడే గుడ్డ) నేలదాకా దించి, లోపల పాతరకం క్రిస్మస్ బల్బులు వెలిగించాలి. ఎల్‌ఈడీలు పెద్దగా వేడెక్కవు, దండగ. ఇక్కడి మట్టి మన ఆదిలాబాద్ పత్తిచేల నల్లరేగడి లాంటిదే, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. దిబ్బ చేసి నాటాల్సిందే.

ఇంతా చేసినా 2021 ఫిబ్రవరి 16 లాంటి రోజొకటి వస్తుంది. డాలస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్. ఆ చలికి కరెంటే పోయిన ఇళ్లలో బల్బులు ఎక్కడ వెలుగుతాయి?

కుండీతో కష్టాలు వేరు. 25 గ్యాలన్ల కుండీ తడిస్తే, కింద చక్రాల పలక లేకుండా కదపడానికి నడుం పోతుంది. వేసవిలో దాదాపు రోజూ నీళ్లు, కాయలు తక్కువ. చలిలో బయట మర్చిపోయారా, నేల మొక్క కంటే ముందు దాని వేర్లే గడ్డకడతాయి. కానీ పూత వచ్చేది చలి పూర్తిగా పోకముందే. నేలలో చెట్టు బతికినా పూత మాడితే ఆ ఏడు కాయ లేనట్టే. కుండీనైతే ఆ రాత్రికి లోపలికి తోసేయొచ్చు.

డాలస్ కంటే వెచ్చగా ఉండే శాన్ ఆంటోనియోలోనో హ్యూస్టన్‌లోనో ఇల్లుంటే నేను నేలకే ఓటేస్తాను, దక్షిణపు గోడ వారగా. డాలస్, ఫ్రిస్కో వైపు మాత్రం కుండీయే. నేలలోనే చూసుకోవాలని మనసు లాగుతుంటే కాండం మణికట్టంత అయ్యేదాకా కుండీలో పెంచి, మార్చి ఆఖర్లో నాటండి. మాది ఇంకా బొటనవేలంతే ఉంది.